అమ్మ ద్రాక్షపూత కోసిన ఏడు

పోయిన వసంతంలో ఒక శనివారం పొద్దున శ్రావ్య లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. మా వెనక వీధిలో ఉంటుంది ఆ అమ్మాయి. కరీంనగర్ నుంచి అమెరికాకి ఎంఎస్ చదవడానికొచ్చి, ఇక్కడే ఫ్రీమాంట్‌లో ఉద్యోగం సంపాదించుకుని, తనతో చదివిన నవీన్‌నే పెళ్ళి చేసుకుంది. మంచి పిల్ల. మెసేజ్ పెట్టకుండా మాత్రం మా గుమ్మం ఎక్కదు. "ఫ్రీయా ఆంటీ?" అని అడుగుతుంది. రిటైరై, ఒంటరిగా కూర్చున్న మనిషిని ఫ్రీయా అని అడగడంలో ఎంత మర్యాద ఉందో అంత వెటకారం కూడా ఉందనిపిస్తుంది నాకు. ఆ పిల్లకి అది తెలియదు, నేను చెప్పలేదు.

"ఆంటీ, సెప్టెంబర్‌ల పోర్చుగల్ పోతున్నం. లిస్బన్ అయిపోయినంక డోరో వ్యాలీ అంటరు కదా, ద్రాక్షతోటలు, వైన్ చేసే ఏరియా, అక్కడ త్రీ డేస్ బుక్ చేసినం. మీరు చిన్నప్పుడు అక్కడ ఉన్నరని నవీన్ చెప్పిండు. నిజమా?"

"నిజమే."

"అయితే చెప్పండి ఆంటీ. అందరు పోయే ప్లేసెస్ వద్దు. ఎవరికి తెల్వనియి కావాలె."

నాకు నవ్వొచ్చింది. ఎవరికీ తెలియనివి కావాలట! మేమున్న ఊరే ఎవరికీ తెలియదు. నది ఎగువన, పెద్ద రోడ్డు వదిలి కొండెక్కితే వస్తుంది వాల్ ద అమెన్‌దోవా. బాదంలోయ అని అర్థం. ఊరి బయట కొండవాలున సున్నం కొట్టిన గుండ్రటి గదులు కనిపిస్తాయి, అవి పావురాల ఇళ్ళు అని చెప్పాను. ద్రాక్షతోటలకి పావురాల పెంట మంచి ఎరువు, అందుకని వాటికోసం మనుషుల ఇళ్ళకన్నా శుభ్రంగా కట్టేవారు. ఊరందరికీ కలిపి ఒకటే రొట్టెల పొయ్యి, అందులో ఎవరి ముద్ద మీద వాళ్ళు గుర్తు పెట్టుకునేవారు. డిసెంబరులో ఆలివ్ గానుగ దగ్గర నిలబడితే కొత్త నూనెలో రొట్టె ముంచి చేతికిస్తారు, డబ్బు తీసుకోరు. పలకరాళ్ళు పేర్చి కట్టిన తోటగోడల మధ్య నడిచే దారులున్నాయి, ఎండలో ఆ రాళ్ళ మధ్య పెరిగే జిగురుమొక్కల వాసన బట్టలకి పట్టి రెండు ఉతుకులకి గానీ వదలదు. శ్రావ్య టకటకా కొట్టుకుంటోంది. నేను చెబుతూనే ఉన్నాను. ఇంత మాట్లాడి ఎన్నాళ్ళయిందో. నిజానికి నేను అడగాలనుకున్నది వేరే ఉంది. ఆ పిల్ల పోర్చుగల్ అన్న క్షణం నుంచి నాలుక చివరే ఉంది, బయటికి రావడం లేదు.

మా అమ్మ జనవరిలో పోయింది. కడుపులో ఏదో పెరిగింది, తెలిసేసరికి చేయడానికేమీ లేదన్నారు, ఇంటికి తెచ్చుకున్నాను. పోయినరోజు, ఆఖరి రోజుల్లో ఇంటికొచ్చి చూసే హాస్పిస్ నర్సు వచ్చింది, తెల్ల వ్యాన్ వచ్చింది, అంతే. గుడిలో పంతులుగారు పన్నెండో రోజు తతంగం చేయించారు, ఓ పదిమంది వచ్చి పులిహోర తిని వెళ్ళారు. ఏప్రిల్‌లో చెత్తడబ్బా రోడ్డు మీదికి తోస్తుంటే, ఎదురింటాయన చెయ్యూపి "మీ అమ్మగారు ఎలా ఉన్నారు? ఈమధ్య ఎండలో కూర్చోవడం లేదే?" అని ఇంగ్లీషులో అడిగాడు. రోజూ ఆవిడకి చెయ్యూపే మనిషి. ఆమె పోయి మూడు నెలలవుతోందని చెబితే పాపం ఆయన మొహం చూడలేకపోయాను. తప్పు ఆయనది కాదు. వీధికి తెలిసే ఏర్పాటు ఇక్కడ లేదు. లోపలికొచ్చి చాలాసేపు సింక్ దగ్గర నిలబడి ఏడ్చాను. అమ్మ పోయినందుకు కాదు, ఎవరికీ తెలియకుండా పోయినందుకు.

చివరి వారాల్లో అమ్మ ఒక మాట అంది. ఏదో ధ్యాసలో ఉన్నట్టు, కిటికీ వైపు చూస్తూ, "అక్కడయితే గంట కొట్టేవారే" అంది. ఎక్కడ అని నేను అడగలేదు. నాకు తెలుసు.

మా నాన్న భూగర్భ శాస్త్రవేత్త. దోరో నదిలో కలిసే ఒక చిన్న నది మీద ఆనకట్ట కడుతుంటే, కింద రాయి గట్టిదో కాదో చూడటానికి ఒక కంపెనీ ఆయన్ని అక్కడికి పంపింది. రాజమండ్రిలో ఇల్లు ఖాళీచేసి అమ్మనీ నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. నాకప్పుడు పదేళ్ళు. సోమవారం పొద్దున జీపు వచ్చి నాన్నని ఎక్కించుకుపోయేది, శనివారం సాయంత్రం దింపేది. మిగతా రోజులు ఆ రాతి ఇంట్లో అమ్మా నేనూ. కింది భాగంలో ఇంటివాళ్ళ వైను పీపాలుండేవి, పైన మేము. నేలచెక్కల సందుల్లోంచి పులిసిన ద్రాక్షరసం వాసన పైకొస్తూ ఉండేది. "మనం కల్లుపాక మీద కాపురం పెట్టాం" అనేది అమ్మ. వంటింట్లో మనిషి నిలబడేంత పెద్ద పొయ్యి ఉండేది, దాని మీద దూలానికి ఇంటివాళ్ళు వేలాడదీసిన పంది సాసేజీలు ఉండేవి. వాటిని చూసి అమ్మ రెండు రోజులు వంటింట్లో అడుగు పెట్టలేదు. మూడోరోజు నాన్న నిచ్చెనేసుకుని వాటిని దింపి పక్కింటికి మోసుకుపోయారు, అమ్మ ఆ దూలాన్ని పసుపునీళ్ళతో కడిగింది. ఎండిన ద్రాక్షకొమ్మల మంట మీద, ఆలివ్ నూనెలో ఆవాలు వేసి పోపు పెడితే ఇల్లంతా ఎవరో తలకి నూనె పట్టించుకుంటున్నట్టుండేది. పోపు వాసన రాని పోపు అని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

ఊళ్ళో వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఎదురైతే "బోం దియా" అని తలూపి వెళ్ళిపోయేవారు. చీర కట్టుకున్న మనిషితో ఏం మాట్లాడాలో వాళ్ళకి తోచేది కాదనుకుంటాను. ధైర్యం చేసినవాళ్ళు "గోవానా?" అని అడిగేవారు. వాళ్ళకి తెలిసిన ఇండియా అంతే. అమ్మ ప్రతిసారీ "గోవా కాదు, నరసాపురం" అని తన పుట్టింటి ఊరి పేరు ఖచ్చితంగా చెప్పేది, ఆ తర్వాత ఇద్దరికీ మాటలు అయిపోయేవి. నేను బడికి వెళ్ళి నాలుగు నెలల్లో భాష పట్టేశాను. అమ్మ మాత్రం పొద్దున్నించి సాయంత్రం దాకా గిన్నెలతో మాట్లాడేది. బడి నుంచి మెట్లెక్కుతుంటే లోపల ఎవరో చుట్టాలొచ్చారేమో అనిపించేంతగా మాటలు వినిపించేవి. తలుపు తీస్తే అమ్మ ఒక్కతే ఉండేది. ఒక ఆదివారం నాన్నతో తేల్చి చెప్పేసింది.

"ద్రాక్ష కోతలయ్యేదాకా చూస్తానండీ. అప్పటికీ ఈ ఊళ్ళో నాతో మాటాడే మనిషి ఒక్కరు దొరక్కపోతే పిల్లని తీసుకుని నరసాపురం పోతాను. మీరు రాళ్ళతో ఉండండి."

రాళ్ళతో ఉండటం నాన్నకి నిజంగానే ఇష్టం.

ఆ ఏడు ఉగాది పచ్చడిలో చేదు లేదు. అమ్మ సీసాలో తెచ్చుకున్న ఎండు వేపపువ్వు శీతాకాలంలోనే చారుల్లోకి అయిపోయింది. కాకరకాయ లేదు, మరో చేదు ఆమెకి తట్టలేదు. చేదు లేని ఉగాది పచ్చడి పెట్టి, అదేదో అపశకునంలా రోజంతా మొహం మాడ్చుకుని కూర్చుంది. ఆ తర్వాత మే నెల వచ్చింది. మా పెరటి గోడకి ఆవల ఒక ద్రాక్షతోట ఉండేది. గ్రాసా అనే ఆవిడది. భర్త పోయాడు, పిల్లలు లేరు, కాళ్ళనించీ తలదాకా నల్లబట్టలే, ఆ నాలుగు వరసల తోటే ఆవిడ జీవనాధారం. ఊరంతా ఆవిడని తియా గ్రాసా అనేవారు. తియా అంటే పిన్నీ కావచ్చు, అత్తా కావచ్చు, మన ఆంటీలాగే. ఒకరోజు పొద్దున అమ్మ బట్టలారేస్తుంటే గోడ అవతల నుంచి సన్నటి తియ్యటి వాసన వచ్చింది. చూస్తే తీగల నిండా లేతాకుపచ్చ పూత, చిన్న చిన్న గుత్తులు, అచ్చం వేపపూత. మీరు నమ్మకపోతే ఎప్పుడైనా ద్రాక్షపూత దగ్గర్నించి చూడండి. రంగు అదే, రాలే తీరు అదే.

అమ్మ గోడ దాటింది. ఎవరికీ పనికిరాని పూత, రాలి పోయేదేగా అనుకుంది. మన ఊళ్ళో వేపచెట్టు కింద దుప్పటి పరిస్తే ఎవరు కాదంటారు? ఒక వరస ఈ చివర్నించి ఆ చివరిదాకా తీరిగ్గా, ఒక్క గుత్తీ వదలకుండా చీర కొంగులోకి కోసుకుంది. నాన్న పాతపంచె మేడమీద పరిచి ఆరబోసింది. వచ్చే ఉగాదికి, ఏడాది పొడుగునా చారులకి సరిపోతుందని సంబరపడిపోయింది. నేను బడినుంచి వచ్చేసరికి పాట పాడుతోంది. ఆ ఊరొచ్చాక అమ్మ పాడటం వినడం అదే మొదలు.

మర్నాడు పొద్దున తియా గ్రాసా మా మెట్లెక్కి వచ్చింది. ఎక్కడం కాదు, దూకింది. తలుపు కొట్టలేదు. మేడ మీది పంచె చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని అరిచిన అరుపుకి పావురాలు లేచిపోయాయి. నేను పక్కన నిలబడి తర్జుమా చేయబోతే, అందులో బళ్ళో నేర్పని మాటలే ఎక్కువున్నాయి. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. పువ్వు కోస్తే ఇంత గోలేమిటి అన్నట్టు చూస్తోంది. అప్పుడు తియా గ్రాసా చటుక్కున అరవడం ఆపి, గబగబా తన ఇంటికి వెళ్ళి, అటకకి వేలాడే పోయినేటి ఎండుద్రాక్ష గుత్తి ఒకటి తెంపుకొచ్చింది. పంచె మీంచి ఒక పూరెమ్మ తీసింది. ఎడంచేతిలో పూరెమ్మ, కుడిచేతిలో గుత్తి, రెండూ అమ్మ కళ్ళముందు పక్కపక్కన పెట్టింది. రెమ్మలో ఒక్కో మొగ్గ మీద వేలు పెట్టి, గుత్తిలో ఒక్కో పండు మీద పెట్టింది. ఇది, ఇది. ఇది, ఇది.

అమ్మ పంచె వైపు చూసింది. మేడనిండా ఆరబోసినవి పూలు కాదు, గుత్తులు. ఒక వరస పంట. అలాగే నేలమీద చతికిలబడిపోయింది. "అయ్యో, ఎంత పని చేశానమ్మా, ఎంత పని చేశాను" అని తెలుగులోనే ఏడ్చింది. తియా గ్రాసా కాసేపు నిలబడి చూసి, ఇంకా నాలుగు తిట్టి, వెళ్ళిపోయింది. ఆ ఊరొచ్చాక అమ్మతో ఒక మనిషి అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఇంకొకరయితే మొహం చాటేసేవారు. అమ్మది వేరే లెక్క. కోసినదాన్ని పారేయడం ఇంకా పెద్ద పాపమనుకుంది. రెండు రోజులు ఆరాక ఆ పూత నేతిలో వేయించి చారు కాచింది, గిన్నె మీద మూతపెట్టి, నన్ను వెంటేసుకుని తియా గ్రాసా ఇంటికెళ్ళింది. "వద్దమ్మా, కొడుతుంది" అన్నాను. "కొడితే కొట్టనీ" అంది. తియా గ్రాసా గిన్నె వైపు, అమ్మ వైపు, మళ్ళీ గిన్నె వైపు చూసింది. గరిటెడు నోట్లో పోసుకుని, మొహం అష్టవంకరలు పెట్టి, పొయ్యిలోకి తుపుక్కున ఉమ్మేసింది. తర్వాత అమ్మ చేతికిచ్చింది గరిటె, నువ్వు తాగు చూద్దాం అన్నట్టు. అమ్మ తాగింది. అందులో చేదూ లేదు, ఏమీ లేదు, గడ్డి ఉడకబెట్టిన నీళ్ళు. అమ్మ కూడా ఉమ్మేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో నాకు గుర్తులేదు.

ఆ తర్వాత మా తలుపు ఎవరూ కొట్టలేదు. తియా గ్రాసా నేరుగా వంటింట్లోకే వచ్చేది. ఆవిడ తన భాషలో, అమ్మ తన భాషలో, నేను మధ్యలో కూర్చుని చెప్పబోతే "నువ్వుండవే" అని ఇద్దరూ కసిరేవారు. చింతపండు లేదని అమ్మ బాధ ఆవిడకి ఎలా అర్థమయిందో గానీ, జూలైలో పచ్చి ద్రాక్షలు తెచ్చి రోట్లో నలిపి ఆ పులుసు చూపించింది. ఎప్పుడో వాళ్ళ అమ్మమ్మ చేపల్లో వేసేదట. అమ్మ దాంతో బెండకాయ లేని పులుసు పెట్టింది, బ్రహ్మాండంగా ఉంది. గురువారాలు ఊరి పొయ్యి దగ్గరకి ఇద్దరూ రొట్టెముద్దలు మోసుకెళ్ళేవారు. మిగతా ఇళ్ళవాళ్ళు శిలువ గుర్తో, అక్షరమో పెట్టుకుంటే అమ్మ ముద్ద మీద నాలుగు చుక్కల ముగ్గు వేసేది. చలికాలం మధ్యాహ్నాలు ఊరి ఆడవాళ్ళందరూ ఎవరో ఒకరి వంటింట్లో చేరి రాతి మీద రాయితో బాదంకాయలు కొట్టేవారు, ఆ టకటకల్లో ఎవరి ఊసు ఎవరికి వినిపించినా వినిపించకపోయినా మాటలు మాత్రం ఆగేవి కావు. అమ్మ ఆ గుంపులో కూర్చునేది. ఊళ్ళో అందరికీ ఆమె దోనా రమోనా, అంటే రమోనాగారు, అయిపోయింది. అసలు పేరు వెంకటరమణమ్మ. అంత పేరు మోసే ఓపిక వాళ్ళకి లేదు.

సెప్టెంబరు కోతల్లో తియా గ్రాసా అమ్మ చేతికి కత్తెర ఇచ్చి, తెచ్చి తెచ్చి ఆ ఖాళీ వరస మొదట్లోనే నిలబెట్టింది. "ఇదిగో దోనా రమోనా, నీ వరస నువ్వు కోసుకో" అంది గట్టిగా. కొండమీదున్న వాళ్ళంతా నవ్వారు. అమ్మ సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంది. కొన వరకూ వెతికితే ఆకుల చాటున ఎక్కడో తప్పించుకున్న గుత్తులు గుప్పెడు దొరికాయి. సాయంత్రం మగవాళ్ళు రాతితొట్టిలో దిగి భుజాలు పట్టుకుని ద్రాక్షలు తొక్కుతుంటే అమ్మ అటు తిరిగి నిలబడింది, తిండిని కాలితో తొక్కడం చూడలేక. తియా గ్రాసా ఆ గుప్పెడూ తొట్టిలో వెయ్యకుండా విడిగా తీసి మా ఇంటికి తెచ్చిచ్చింది. కోతలైపోయాయి. నరసాపురం మాట అమ్మా ఎత్తలేదు, నాన్నా ఎత్తలేదు.

గంట సంగతి ఆ శీతాకాలంలోదే. ఒకరోజు పొద్దున తియా గ్రాసా మా వంటింట్లో క్యాబేజీ తరుగుతుంటే చర్చిగంట మోగింది. రెండు దెబ్బలు, ఆగి మళ్ళీ రెండు. ఆవిడ కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, లేచి వీధిలోకి నడిచింది. మేమూ వెళ్ళాం. వీధి పొడుగునా ప్రతి గుమ్మంలో ఒకరు నిలబడి ఉన్నారు. "కేం ఎ?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. ఎవరు అని. రెండు దెబ్బలంటే ఆడమనిషి, మూడంటే మగవాడు. పేరు ఇంటి నుంచి ఇంటికి, పై వీధి నుంచి కింది వీధికి నడిచి వచ్చింది. విన్నవాళ్ళు టోపీ తీశారు, శిలువ గుర్తు వేసుకున్నారు, చేస్తున్న పని ఆ పూటకి వదిలేశారు. పోయింది ఎవరో మంచం పట్టిన ముసలావిడ, అమ్మ ఆమెని ఎప్పుడూ చూడనైనా లేదు. అయినా కొంగు తలమీదుగా కప్పుకుని గుమ్మంలో అందరితోపాటు నిలబడింది. లోపలికొచ్చాక "ఊరందరికీ కొడతారా అలాగ?" అని నన్ను అడగమంది. ఊరివాళ్ళకి కొడతారు, అంది తియా గ్రాసా. బయటివాళ్ళకి వాళ్ళ ఊళ్ళో కొడతారు కదా.

ఇంకో ఏడాదికి నాన్నకి అమెరికా ఉద్యోగం వచ్చింది. అందరూ ఎగిరి గంతేసే కబురు అది. అమ్మ ఒక్కతే, ఈ ఏటి కోతలు కూడా చూసి వెళ్దామండీ అంది. నాన్న ఆశ్చర్యపోయారు.

"ఇక్కడ మనకెవరున్నారు రమణా?"

"మనకి కాదు. నాకున్నారు" అంది అమ్మ.

ఉద్యోగాలు కోతల కోసం ఆగవు. వెళ్ళిపోయాం. తియా గ్రాసాకి చదవడం రాదు, అమ్మకి ఆ భాష రాయడం రాదు. ఫోను ఉన్న ఇల్లు ఆ ఊళ్ళో లేదు. వెళ్ళేరోజు ఇద్దరూ ఏడవలేదు, వంటింట్లో ఏదో గిన్నె గురించి ఆఖరి నిమిషం దాకా పోట్లాడుకున్నారు.

ఇక్కడికొచ్చాక నాన్న కొన్నేళ్ళకే పోయారు. నాకు పెళ్ళీ విడాకులూ రెండూ ఇక్కడే అయ్యాయి, రెండింటికీ పెద్ద ఆర్భాటం లేదు. మిగిలింది అమ్మా నేనూ. ఫ్రీమాంట్‌లో తెలుగుకి లోటేముంది? కూరగాయల కొట్లో తెలుగు, గుళ్ళో తెలుగు, పార్కులో తెలుగు. అమ్మని ఎవరింటికి తీసుకెళ్ళినా "బావున్నారా ఆంటీ, కూర్చోండి ఆంటీ" అని కుర్చీ వేసేవారు, ప్లేటులో అన్నీ వడ్డించి చేతికిచ్చేవారు, తర్వాత ఇళ్ళ ధరల గురించి ఇంగ్లీషులో మాట్లాడుకునేవారు. అమ్మ కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుని నవ్వుతూ ఉండేది. ఒకసారి కారులో తిరిగొస్తుంటే, "నీకిక్కడ హాయిగా ఉందా అమ్మా?" అని అడిగాను. "హాయికేం లోటే? అందరూ గౌరవంగా చూస్తారు. నన్ను తిట్టేవాళ్ళు ఒక్కరూ లేరు" అంది. నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. పొద్దున్నే నేను ఆఫీసుకి వెళ్ళేటప్పుడు గరాజ్ తలుపు మూసుకునే లోపలే వంటింట్లో అమ్మ గిన్నెలతో మాట్లాడటం మళ్ళీ వినిపించేది. అది నేను విన్నాను. ముప్ఫై ఏళ్ళు విన్నాను. ఆ ఊళ్ళో అయితే ఒక్క ఏడాదిలో ఆగిపోయిన అలవాటు అది. ఇప్పుడు నాకు పట్టుకుంది.

శ్రావ్య లాప్‌టాప్ మూసింది. "సూపర్ ఆంటీ, మస్తు చెప్పిన్రు. కానీ ఆ ఊరు మా హోటల్‌కెల్లి టూ అవర్స్ చూపిస్తున్నది. ఒకరోజు క్రూజ్ ఉన్నది, ఒకరోజు వైన్ టేస్టింగ్. చూడాలె మరి" అంటూ చెప్పులేసుకుంది. గుమ్మం దాటి గేటు దాకా వెళ్ళిపోయింది. ఇంక లాభం లేదని నేను చెప్పుల్లేకుండానే వెనక పరిగెత్తాను.

"శ్రావ్యా, ఒక్క మాట. ఆ ఊరు వెళ్తే, చర్చి తాళం ఎవరి దగ్గరుంటుందో కనుక్కుని, మా అమ్మ కోసం గంట కొట్టించగలవా? ఆడవాళ్ళకి రెండు దెబ్బలు కొడతారు అక్కడ. ఇంకేం చేయక్కర్లేదు."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నా కళ్ళలో నీళ్ళు దాచుకునే ప్రయత్నం నేను చేయలేదు. "మీరు కూడ రండి ఆంటీ, టికెట్ బుక్ చేస్త" అంది నెమ్మదిగా. వెళ్ళొచ్చు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి, పాస్‌పోర్టూ ఉంది. కానీ అక్కడికి వెళ్తే ఆ గోడ అవతల తియా గ్రాసా ఉండదు. ఉంటే వందేళ్ళు దగ్గర పడుతూ ఉండాలి. వెళ్ళనంతకాలం ఆవిడ వంటింట్లో క్యాబేజీ తరుగుతూనే ఉంటుంది నాకు. ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గేసి, "నాకు కుదరదులేమ్మా" అన్నాను. "ట్రై చేస్త ఆంటీ. ప్రామిస్ చెయ్యలేను" అని వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో వాళ్ళు వెళ్ళారు. లిస్బన్ ఫోటోలు వచ్చాయి. పడవ ఫోటోలు వచ్చాయి, ఇద్దరూ గ్లాసులెత్తి నవ్వుతున్నవి. తర్వాతి రోజు ఏమీ రాలేదు. సరే, కుర్రవాళ్ళు, వాళ్ళ సెలవు వాళ్ళది, ఒక పరాయి ముసలామె కోసం కొండలెక్కి తిరగమనడం నాదే అత్యాశ అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకోవడం తప్ప నమ్మలేదు. ఆ మర్నాడు పొద్దున కాఫీ కలుపుకుంటుంటే ఫోను మోగింది. వీడియో కాల్. ముందు మెసేజ్ పెట్టకుండా శ్రావ్య నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"ఆంటీ, వచ్చినం! మీ ఊర్లనే ఉన్నం. క్రూజ్ మొన్ననే అయిపోయింది, టేస్టింగ్ క్యాన్సిల్ చేసినం. చర్చి తాళం ఉన్నామె దొరికింది. ఫోన్ల ట్రాన్స్‌లేట్ చేసి చూపించిన. ఒప్పుకుంది. ఉండండి, కట్ చెయ్యకండి."

తెరమీద ఎండ, పలకరాళ్ళ వీధి, మూసి ఉన్న తలుపులు కనిపించాయి. సగానికి పైగా ఇళ్ళకి తాళాలే ఉన్నట్టున్నాయి. మా ఇల్లు ఏదో గుర్తుపట్టే లోపలే శ్రావ్య చెయ్యి కదిలిపోయింది. అప్పుడు గంట మోగింది. ఫోనులో చిన్నగా, బొంగురుగా వినిపించింది. రెండు దెబ్బలు. ఆగి మళ్ళీ రెండు. నేను స్టవ్ ఆపేశాను.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఒక తలుపు తెరుచుకుంది. చేతికర్రతో ఒక ముసలాయన బయటికొచ్చాడు. పై గుమ్మంలోంచి ఒకావిడ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇంకొకావిడ వచ్చింది. అంతే, ఆ ముగ్గురే. ఒకరినొకరు అడిగారు, ఎవరికీ తెలియలేదు, శ్రావ్య దగ్గరకి నడిచివచ్చారు.

"ఆంటీ, ఏదో అడుగుతున్నరు. ఏం చెప్పాలె?"

"ఫోను వాళ్ళ వైపు తిప్పమ్మా."

ఏప్రనావిడ మొహం తెరనిండా వచ్చింది. "కేం ఎ?" అంది. "దోనా రమోనా" అన్నాను. "మా అమ్మ" అని వాళ్ళ భాషలో చెప్పాను. ముసలాయన టోపీ తీశాడు. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఆ పేరు ఎవరికీ గుర్తులేదని నాకు తెలుస్తూనే ఉంది. ఏప్రనావిడ కళ్ళు చిట్లించి, నా మొహం చూసి, మర్యాదగా, జాగ్రత్తగా అడిగింది.

"ఆవిడ ఈ ఊరేనా?"

"అవును" అన్నాను. "ఈ ఊరే."

ఆవిడ తలూపి, శిలువ గుర్తు వేసుకుని, వెనక్కి తిరిగి, పైవీధి వైపు ఎవరికో వినపడేలా గట్టిగా మా అమ్మ పేరు చెప్పింది.